దువ్వెన చూసి ఇచ్చిన జేఆర్‌సీ (రాతి పగులు గరుకుదనం) అంకెతో కొండ వాలు డిజైన్ చేయొచ్చా?

రాయి_గరుకు (తిరుపతి):

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఈ విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. శేషాచలం కొండల అంచున ఒక రోడ్డు కటింగ్‌లో క్వార్ట్‌జైట్ రాతి జాయింట్ (సహజంగా పడ్డ పగులు) ఒకటి రోడ్డు వైపే వాలి ఉంది. నేనూ, నాతో వచ్చిన ఇంకో ఇంజనీరూ విడివిడిగా ప్రొఫైల్ దువ్వెన పెట్టి చూశాం. సన్నని ఇనుప పుల్లలు వరుసగా ఉంటాయి కదా, రాతికి ఒత్తితే దాని ఎత్తుపల్లాలు అందులోకి దిగుతాయి, అదే. ఆ గీతను కాగితం మీదికి ఎక్కించి, బార్టన్, చౌబే 1977లో ఇచ్చిన పది నమూనా గీతల పక్కన పెట్టి పోల్చాం. జేఆర్‌సీ నాకు 6 వచ్చింది, ఆయనకు 10. అదే రాయి, అదే దువ్వెన, అదే పూట. ఆయన సీనియర్ కాబట్టి రిపోర్టులోకి 10 ఎక్కింది.

నాలుగే కదా తేడా అనుకుంటారేమో, లెక్క చూడండి. బార్టన్ సూత్రంలో జాయింట్ జారే కోణం అంటే జేఆర్‌సీని, జేసీఎస్‌ను ఒత్తిడితో భాగించిన దాని లాగ్‌తో గుణించి, శేష ఘర్షణ కోణం (గరుకు లేకపోయినా మిగిలే ఘర్షణ) కలపడం. జేసీఎస్ (జాయింట్ గోడ నలిగే బలం) 100 మెగాపాస్కల్ అనుకుందాం, ఒత్తిడి 0.5, అంటే సుమారు 20 మీటర్ల రాతి బరువు, శేష కోణం 28 డిగ్రీలు. 6 పెడితే మొత్తం 42 డిగ్రీల దగ్గర ఆగుతుంది, 10 పెడితే 51కి పోతుంది. టాన్ తీసుకుంటే బలం 38 శాతం ఎక్కువ కనిపిస్తుంది, కేవలం చూసిన మనిషి మారినందుకు!

అందుకే నేను చెప్పేది ఒకటే. టిల్ట్ టెస్ట్ (జంట ముక్కలను పలక మీద పెట్టి, పైది జారే దాకా పలక లేపి కోణం చూడటం) చేయకుండా కంటి అంకెను డిజైన్‌లోకి రానివ్వకూడదు.

ఘాట్‌రోడ్డు_అన్న:

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, కానీ నువ్వు చెప్పే మందు ఒప్పుకోను. టిల్ట్ టెస్ట్‌కి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునే రెండు ముక్కలు కావాలి. కొండ మీద నుంచి వాటిని కదలకుండా, అంచులు చిట్లకుండా తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకే తెలుస్తుంది. పైగా బాగా గరుకుగా ఉన్న జాయింట్ జారదు, పలక పైకి లేపుతుంటే ముక్క బోర్లా పడిపోతుంది. ఆ పరీక్షలో ఒత్తిడి మరీ తక్కువ, 0.001 మెగాపాస్కల్ అనుకుంటే లాగ్ విలువ 5 వస్తుంది. జేఆర్‌సీ 10 అయితే 28కి ఇంకో 50 కలిపి 78 డిగ్రీలు. అంత నిటారుగా లేపితే ఏ రాయి నిలబడి జారుతుందప్పా?

2021 డిసెంబర్ 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడి రోడ్డు దెబ్బతిన్నది గుర్తుందిగా, వారాల తరబడి వానలు కురిసిన తర్వాత. అలాంటి పూట పై బండ ఆగుతుందా లేదా అని సాయంత్రంలోగా చెప్పాలి. అప్పుడు చేతిలో ఉండేది దువ్వెనా, సుత్తీ, కళ్లే. ఒక్క అంకె రాయడం తప్పంటావా, ఒప్పుకుంటా. 6 నుంచి 10 అని రాయి, 6తో డిజైన్ చేయి. మీ సీనియర్ చేసిన తప్పు కంటితో చూడటం కాదు, నీ అంకెను కొట్టేయడం.

ఎస్వీయూ_పాత_విద్యార్థిని:

ఇద్దరూ పది సెంటీమీటర్ల గీత గురించే కొట్లాడుకుంటున్నారు. ఆ కటింగ్‌లో జారే బండ ఎంత పొడవు? రెండు మీటర్లు అనుకోండి. 1982లో బార్టన్, బాండిస్ ఇచ్చిన సవరణ ప్రకారం పొడవు పెరిగే కొద్దీ జేఆర్‌సీ, జేసీఎస్ రెండూ తగ్గుతాయి. పది సెంటీమీటర్లకు 10 ఉన్నది రెండు మీటర్లకు 5.5 అవుతుంది. 100 ఉన్న జేసీఎస్ 41కి దిగుతుంది. మొత్తం కోణం 51 కాదు, 38.5. మీ 6కూ 10కీ ఉన్న తేడా కంటే ఇది పెద్దది, దీన్ని ఎవరూ ఎత్తలేదు.

ఇంకోటి, దువ్వెన ఏ దిక్కున పెట్టారు? క్వార్ట్‌జైట్ పొరల మీద పాత నీటి అలల గుర్తులు ఉంటాయి, గట్లు గట్లుగా. వాటికి అడ్డంగా పెడితే ఒక అంకె, వాటి వెంబడి పెడితే ఇంకో అంకె. బండ ఎటు జారుతుందో అటే కొలవాలి. మీరిద్దరూ ఒకే దిక్కున పెట్టారా అన్నయ్యా? పెట్టకపోతే మీ గొడవ రాయి గురించి కాదు. పొడవాటి స్కేలు ఆనించి మధ్యలో పడే సందు లోతు కొలిచినా చాలు, ఆ లోతును పొడవుతో భాగించి పది సెంటీమీటర్లకైతే 400తో గుణిస్తే జేఆర్‌సీ సుమారుగా వచ్చేస్తుంది. కంటి చూపుకి ఇది మంచి కాపలా.

ఉలి_సుత్తి (కుప్పం):

మా నాయన గ్రానైట్ క్వారీలో పనిచేశాడు. రాయిని సుత్తితో కొట్టి చెవితో వినేవాడు. ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే లోపల పగులుందని అర్థం. నేను ఇప్పుడు ష్మిట్ సుత్తి (రాతికి ఆనించి కొడితే ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలం అంచనా వేసేది) పట్టుకుని తిరుగుతున్నా, అందుకే జేసీఎస్ గురించి చెప్తా. చాలామంది పగలగొట్టిన కొత్త ముఖం మీద సుత్తి ఆనిస్తారు, అది లోపలి రాయి బలం. మనకు కావలసింది జాయింట్ గోడ బలం, వాన తిని తుప్పు రంగు తిరిగిన ఆ పైపొర. దాని మీదే, గోడకు లంబంగా ఒత్తి పది దెబ్బలు వేసి, తక్కువ వచ్చిన ఐదూ తీసేసి పై ఐదింటి సగటు తీసుకోవాలి. వాన పడి తడిసి ఉంటే అది కూడా రాయాలి.

అయితే ఇందులో సగానికి సగం పొరపాటు పడినా జేఆర్‌సీ అంత ముంచదు. మొదటి అన్న లెక్కలోనే 10 ఉంచి జేసీఎస్ 100 బదులు 50 వేయండి, బలం పది శాతమే తగ్గుతుంది. నాకు భయం వేసేది సందులో మట్టి. గట్ల ఎత్తు కంటే మందంగా మట్టి నిండిందంటే రెండు గోడలూ ఒకదాన్నొకటి తాకవు, అప్పుడు మీ జేఆర్‌సీ ఎంతైనా ఒకటే. బండ నిలబడేది మట్టి బలం మీద. మీ జాయింట్‌లో మట్టి ఉందా?

రాయి_గరుకు:

అక్కా, మీరు అడిగింది నన్ను పట్టేసింది. ఫొటోలు తీసి చూశాను. నేను వాలు వెంబడి పెట్టాను, ఆయన అడ్డంగా పెట్టాడు. ఇన్నాళ్లూ ఇది చూడలేదు.

మట్టి సంగతి: పైన మీటరు దాకా ఎర్రమట్టి గోరు మందం కూడా లేదు, కింద శుభ్రంగా ఉంది.

ఘాట్‌రోడ్డు అన్నా, మీరు బోర్లా పడుతుందన్నారు కదా. అక్కడే రాలిపడి ఉన్న జంట ముక్క ఒకటి నిన్న తెచ్చాను. ముప్పై సెంటీమీటర్ల పొడవు, తొమ్మిది సెంటీమీటర్ల మందం, ముక్క ఒక్కొక్కటి 14 కిలోల దాకా ఉంది, ఇద్దరం మోశాం. చెక్క పలక మీద పెట్టి, ఫోన్‌లో కోణం చూస్తూ మెల్లగా లేపాం. మూడుసార్లూ 63 దగ్గరే జారింది, బోర్లా పడలేదు. 28 తీసేసి 5తో భాగిస్తే 7. నా 6 తక్కువ, ఆయన 10 ఎక్కువ. మీరన్నట్టు అంత గరుకు లేని జాయింట్‌కే ఈ పరీక్ష పనికొస్తుంది, దాన్ని ఒప్పుకుంటున్నా. కానీ మాది అలాంటిదే అయినప్పుడు, ఒక్క పూట పనికి బద్ధకించి 10 రాసేయడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఘాట్‌రోడ్డు_అన్న:

ముక్క రాలిపడి దొరికింది కాబట్టి చేయగలిగావు. దొరకని చోట ఏం చేస్తావో చెప్పు. రాలిన ముక్క అంచులు అరిగి ఉంటాయి, 7 అనేది కొండలో ఉన్నదానికంటే తక్కువే కావచ్చు. అయినా నేను కూడా ఆ 7నే పెడతా. దానికి ఆ అమ్మాయి చెప్పిన రెండు మీటర్ల సవరణ వేశావా?

రాయి_గరుకు:

ఇంకా లేదన్నా. ఆదివారం మళ్లీ వెళ్తున్నా, వాలు వెంబడి రెండు మీటర్ల స్కేలు ఆనించి సందు కొలిచి ఆ అంకెలు ఇక్కడే పెడతా. మీ దగ్గర పొడవాటి తిన్నని అల్యూమినియం పట్టీ ఉంటే ఒక్కరోజు ఇవ్వగలరా?