అమ్మకి మెయిల్ ఐడీ అవ్వట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

పాలకొల్లు పిల్ల
పొద్దున్న టిఫిన్ అయినప్పట్నుంచీ ఇదే పని. అమ్మకి ఒక మెయిల్ ఐడీ చెయ్యాలి, అంతే. పేరు, పుట్టిన తేదీ అన్నీ ఇచ్చాక చివర్లో ఆగిపోతోంది. కోడ్ రాదు. మళ్ళీ మొదట్నుంచి. దసరా సెలవులు అయిపోయాయి, రేపు రాత్రి నేను బెంగళూరు బస్సెక్కాలి. ఈలోగా అమ్మ పాస్‌పోర్టు అప్లికేషన్ పెట్టకపోతే డాలస్‌లో ఉన్న అన్నయ్య ఊరుకోడు. ఏం చెయ్యాలి? నెట్ బాగానే ఉంది, దయచేసి అది మాత్రం అడగొద్దు.

ఒక్క ముక్క
ఏ మెయిల్? ఫోన్లోనా, లాప్‌టాప్‌లోనా?

దేశీవాడు
ఎందుకండీ ఆ విదేశీ కంపెనీల చుట్టూ తిరగడం? జోహో మెయిల్ తీసుకోండి. మన పక్కనున్న చెన్నై కంపెనీ. తెన్‌కాశి దగ్గర పల్లెటూళ్ళో కూడా ఆఫీసు పెట్టి అక్కడి పిల్లలకి ఉద్యోగాలిచ్చారు. 2025 అక్టోబరులో సాక్షాత్తూ హోం మంత్రి అమిత్ షా తన మెయిల్ జోహోకి మార్చుకున్నారు. ప్రకటనల గోల ఉండదు. నేను మారాను, మా ఆవిడని మార్చాను, మా అపార్ట్‌మెంట్ కమిటీని కూడా మార్చేశాను. ఎంతసేపూ వాళ్ళకే మన వివరాలన్నీ అప్పజెప్పి, తర్వాత ప్రైవసీ లేదని ఏడవడం మనకి అలవాటైపోయింది.

ఒక్క ముక్క
జోహోకి కూడా ఫోన్ నంబరు కావాలి. ఆమె ఆగింది అక్కడే.

నెట్ సెంటర్ బాబాయి
అమ్మా, పేరు దగ్గర ఆగుతోందా, నంబరు దగ్గర ఆగుతోందా? రెండూ వేరు. నా సెంటర్‌కి రోజూ ఇదే కేసు. జీమెయిల్ అనుకునే చెబుతున్నా. ఐడీ 6 అక్షరాలకి తగ్గకూడదు, 30 దాటకూడదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అంతే. అండర్‌స్కోర్ ఒప్పుకోదు. చుక్క పెట్టినా దానికి లెక్కలేదు, చుక్కతో రాసినా లేకుండా రాసినా ఒకే ఐడీ. అందరూ వచ్చి ఉత్త లక్ష్మి, ఉత్త శ్రీను కావాలంటారు, అవి ఎప్పుడో అయిపోయాయి. ఇంటిపేరు ముందు పెట్టి చూడండి. పుట్టిన సంవత్సరం మాత్రం తగిలించకండి. పదిమందికీ ఇచ్చే ఐడీలో వయసెందుకు చెప్పుకోవడం?

ఇక నంబరు దగ్గర ఆగితే, ఆ నంబరు మీద ఇంతకుముందు చాలా ఐడీలు చేసి ఉండొచ్చు. ఒక హద్దు దాటాక ఇక తీసుకోదు. మా సెంటర్ నంబరు అలాగే పోయింది.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్
తెరవడం సరే తల్లీ, వాడటం ఎవరు నేర్పుతారు? అసలు బాధ అక్కడుంది. మా పెన్షనర్ల సంఘం కార్యదర్శి ప్రతి నెలా సర్క్యులర్ పంపుతాడు. సంఘంలో ఉన్న వాళ్ళందరి అడ్రసులూ పైన కనబడుతూనే ఉంటాయి. పోస్టులో అయితే ఒకరి కవరు మీద ఇంకొకరి చిరునామా రాస్తామా? అందరికీ ఒకేసారి పంపేటప్పుడు 'టు' గడిలో మీ సొంత అడ్రసు పెట్టుకుని, మిగతావాళ్ళని 'బీసీసీ' గడిలో పెట్టాలి. 'సీసీ' గడిలో పెడితే అందరికీ కనబడతాయి. పైగా జవాబు అందరికీ వెళ్ళిపోయే 'రిప్లై ఆల్' అని ఒకటుంది, అది నొక్కేవాళ్ళకి దండం పెట్టాలి. ఒకాయన తన షుగర్ రిపోర్టు సంఘం మొత్తానికి పంపాడు. డాక్టరు గారికి పంపాననే ఇప్పటికీ అంటున్నాడు.

దాంతోపాటు ఇంకోటి. పంపాక వెనక్కి తీసుకునే వీలుంది. సెట్టింగ్స్‌లో 'అన్‌డూ సెండ్' దగ్గర 30 సెకన్లు పెట్టుకోండి. అది 5 సెకన్ల మీద ఉంటుంది. మా వయసువాళ్ళకి ఆ 5 సెకన్లలో కళ్ళజోడు కూడా దొరకదు.

పాలకొల్లు పిల్ల
అయ్యో మాస్టారూ, ఇంకా అడ్రసే లేదు, బీసీసీ దాకా ఎక్కడ వెళ్తాను!

జీమెయిలేనండీ. నా లాప్‌టాప్‌లో చేస్తున్నా, అమ్మ నంబరు ఇచ్చాను. ఆ నంబరుతో ఎవరూ ఏమీ చెయ్యలేదు. పేరు బాగానే తీసుకుంది. చివర్లో నల్ల గళ్ళ బొమ్మ వస్తుంది, యూపీఐ స్కానర్‌లాంటిది. అమ్మ ఫోన్‌తో స్కాన్ చేస్తే ఏదో మెసేజ్ దానంతటదే టైప్ అయి వస్తుంది. పంపితే పక్కన ఎర్ర గుర్తు పడుతోంది. ఇది అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు.

ఒక్క ముక్క
కోడ్ రాకపోవడం కాదు అది. మీ మెసేజ్ వెళ్ళట్లేదు. అమ్మ రీచార్జ్ ప్లాన్‌లో ఎస్సెమ్మెస్‌లు ఉన్నాయా?

బోడుప్పల్ టెకీ
ఒక చిన్న దిద్దుబాటు. మీరందరూ 'జీమెయిల్ ఐడీ చేస్తున్నాం' అంటున్నారు. చేస్తున్నది గూగుల్ అకౌంట్. జీమెయిల్ అందులో ఒక సర్వీసు మాత్రమే. యాహూ అడ్రసుతో కూడా గూగుల్ అకౌంట్ పెట్టుకోవచ్చు, అప్పుడు జీమెయిల్ ఉండదు, కానీ యూట్యూబ్, ప్లే స్టోర్ అన్నీ పనిచేస్తాయి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోలకి కలిపే.

నెట్ సెంటర్ బాబాయి
బ్రదర్, మా దగ్గరికొచ్చే పెద్దావిడకి నువ్విది చెప్పి చూడు. ఆమెకి అది 'జీమెయిల్', యాప్ మీద రంగురంగుల 'ఎమ్' అక్షరం. అంతే. నువ్వు అకౌంట్ అన్నావంటే బ్యాంకు పాస్‌బుక్ తీస్తుంది.

బోడుప్పల్ టెకీ
అందుకే చెప్పేది అన్నా. రెండూ ఒకటే అనుకోబట్టే, ఉన్న అకౌంట్ ఉండగా జనం కొత్తది చేస్తారు. మళ్ళీ పాతదాని పాస్‌వర్డ్ మర్చిపోయామని మీ దగ్గరికే వస్తారు.

నెట్ సెంటర్ బాబాయి
వస్తే రానీ, నా గిరాకీ మీద నీకెందుకు కడుపుమంట?

పాలకొల్లు పిల్ల
నాన్నని అడిగాను. ఇంట్లో వైఫై ఉంది కదా అని అన్నిటికన్నా తక్కువ ప్లాన్ వేయించారట, కాల్స్ వస్తే చాలని. అందులో మెసేజ్‌లు లేవు. వాట్సాప్‌లో పోతున్నాయి కదా అని నేను అటు చూడనేలేదు. ఇప్పుడు మళ్ళీ రీచార్జ్ అంటే నాన్న ఒప్పుకోరు, మొన్ననే వేయించానంటారు.

ఒక్క ముక్క
అమ్మది ఆండ్రాయిడ్ ఫోనేనా? ప్లే స్టోర్ తెరవండి. పైన కుడివైపు గుండ్రం నొక్కండి. ఏముందో చెప్పండి.

దేశీవాడు
జోహో వాళ్ళ అరట్టై యాప్ కూడా ఉంది, వాట్సాప్ బదులు.

పాలకొల్లు పిల్ల
ఓరి దేవుడా. అక్కడ ఒక జీమెయిల్ ఐడీ ఉంది! ఫోన్ కొన్న షాపు పేరు, వెనకాల ఏవో అంకెలు. షాపులో కుర్రాడు 'అన్నీ సెట్ చేసి ఇస్తానండీ' అన్నప్పుడు చేశాడట. అమ్మకి ఇదొకటి ఉందనే తెలియదు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. దీన్నే పాస్‌పోర్టుకి ఇచ్చెయ్యనా?

నెట్ సెంటర్ బాబాయి
వద్దమ్మా! ఆ పాస్‌వర్డ్ పెట్టింది షాపువాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే రికవరీ నంబరు కూడా వాడిదే అయ్యుండొచ్చు. పాస్‌పోర్టు సైటు నుంచి యాక్టివేషన్ లింకు మెయిల్‌కే వస్తుంది, అది పరాయివాళ్ళు తెరవగలిగేలా ఉండకూడదు. కొత్తది చేసుకో. లాప్‌టాప్ పక్కన పెట్టి, అమ్మ ఫోన్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో 'యాడ్ అకౌంట్' లోంచి చేస్తే ఒక్కోసారి నంబరు అడగనే అడగదు.

బోడుప్పల్ టెకీ
కొత్తదెందుకు? అమ్మ కాంటాక్టులు, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ పాతదాంట్లోనే ఉంటాయి. ఫోన్ ఎలాగూ లాగిన్ అయ్యే ఉంది. పాస్‌వర్డ్ మార్చండి, రికవరీ నంబరు మీది పెట్టండి, వేరే డివైజ్‌లలో ఉంటే సైనవుట్ చెయ్యండి. అకౌంట్ మీదవుతుంది.

నెట్ సెంటర్ బాబాయి
పాత పాస్‌వర్డ్ అడుగుతుంది కదా?

బోడుప్పల్ టెకీ
'మర్చిపోయాను' నొక్కితే చాలాసార్లు ఆ ఫోన్ స్క్రీన్ లాకే అడుగుతుంది.

నెట్ సెంటర్ బాబాయి
చాలాసార్లు! అడగకపోతే రికవరీ నంబరుకి కోడ్ పోతుంది, ఆ షాపు కుర్రాడిని వెతుక్కుంటూ వెళ్ళాలి. వాడు ఈపాటికి దుబాయ్‌లో ఉంటాడు. ఏదైనా చెయ్యండి గానీ పాత అకౌంట్‌ని ఫోన్లోంచి రిమూవ్ చెయ్యకండి. కాంటాక్టులు దాంట్లోనే సేవ్ అయ్యుంటే, తీసేసిన వెంటనే ఫోన్లోంచి మాయమవుతాయి. రెండూ ఉంచుకోవచ్చు, ఫోన్‌కేం బరువు కాదు. కొత్తది చేశాక వాడకుండా పడెయ్యకండి, రెండేళ్ళు ముట్టుకోకపోతే తీసేసే రూలు ఉంది. పాస్‌పోర్టు మెయిల్ కనబడకపోతే స్పామ్‌లో చూడండి, అందులోవి 30 రోజులకి పోతాయి.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్
పాస్‌వర్డ్ నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టు తల్లీ. రాయకూడదంటారు గానీ, బీరువా దాకా వచ్చిన దొంగ మెయిల్ పాస్‌వర్డ్ కోసం రాడు.

బోడుప్పల్ టెకీ
మాస్టారూ, దానికి పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్, పాస్‌వర్డ్ మేనేజర్ అని ఉంది.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్
దాని పాస్‌వర్డ్ ఎక్కడ రాసుకోవాలి బాబూ?

ఒక్క ముక్క
అసలు మీకు పాస్‌పోర్టు సైటులో లాగిన్ ఉందా? ఉంటే దాంతోనే అమ్మది పెట్టండి. ఇంట్లోవాళ్ళవి ఒకే లాగిన్‌తో పెట్టొచ్చు.

నెట్ సెంటర్ బాబాయి
ఇది మొదటే అడగాల్సింది, నాకే తట్టలేదు. అయినా వీసాకి మెయిల్ కావాలి కదా, అమ్మకంటూ ఒకటి ఉండటం మంచిదే.

పాలకొల్లు పిల్ల
ఉంది! కాలేజీలో ఉన్నప్పుడు చేసుకున్నది. దాంతోనే పెట్టేశా, డబ్బులు కూడా కట్టేశా. థాంక్సండీ అందరికీ. మెయిల్ ఐడీ సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తా, ఇప్పుడు ఓపిక లేదు.

దేశీవాడు
సంక్రాంతికైనా జోహో చూడండి.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్
ఆ ప్లే స్టోర్ గుండ్రం నేనూ నొక్కి చూశాను. రెండు ఐడీలు ఉన్నాయి, ఒకటి మా మనవడిది. నా మెయిల్స్ వాడికి కూడా వెళ్తున్నాయా?

ఐఫోన్ కొత్త
గుండ్రం ఎక్కడుంది? నాకు ప్లే స్టోరే కనబడట్లేదు.