నాన్నగారి పొలం, తమ్ముడు చూపిస్తున్న వీలునామా: మాకు హక్కు ఉందా?

ప్రశ్న: కోవూరు ఆడపడుచు

మాది నెల్లూరు జిల్లా కోవూరు మండలంలోని ఒక పల్లె. మా నాన్నగారు 2019లో కాలం చేశారు. ఆయన పేరున 8 ఎకరాల మాగాణి, నెల్లూరులో ఆయన స్వయంగా కొన్న 20 అంకణాల ఇంటిస్థలం ఉన్నాయి. మా అమ్మగారు, ఇద్దరు అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు ఉన్నాము. ఆస్తి మొత్తం తనకే చెందుతుందని తెల్లకాగితం మీద 2018లో రాసిన వీలునామా ఒకటి తమ్ముడు ఇప్పుడు చూపిస్తున్నాడు. అది రిజిస్టరు కాలేదు. పైగా నా పెళ్లి 1984లో, అంటే ఎన్టీఆర్ గారి చట్టానికి ముందే జరిగింది కాబట్టి నాకు అసలు హక్కే లేదంటున్నాడు. పాసు పుస్తకం కూడా తన పేరున మార్పించుకున్నాడు. వాడితో వైరం పెట్టుకోవాలని నాకు లేదు, కానీ అమ్మగారు తన పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర కూడా వాడికే రాసిస్తానంటున్నారు. వకీలును ఇప్పుడే కలవాలా, లేక పెద్దమనుషుల్లో పెట్టి చూడాలా?

జవాబు: సివిల్ న్యాయవాది, నెల్లూరు

అమ్మా, పెద్దమనుషుల దగ్గరకు వెళ్లినా ముందు ఒక వకీలు చేత కాగితాలు చదివించుకుని వెళ్లండి. ఇటువంటి తగాదాలో మా పని వాదించడంతో మొదలు కాదు. ఒక్కొక్క సర్వే నంబరు మీ నాన్నగారికి ఎవరి నుంచి, ఏ సంవత్సరంలో, ఏ విధంగా వచ్చిందో పాత దస్తావేజులు, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల పత్రం), అడంగల్ (గ్రామ భూమి, సాగు లెక్కల రికార్డు) చూసి తేల్చడం మొదటి పని. పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది తేలకుండా వాటాల గురించి ఎవరేం చెప్పినా అది ఊహే అవుతుంది.

మీ పెళ్లి తేదీ గురించిన అభ్యంతరం నిలబడదు. హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణ (మీ తమ్ముడు చెప్పే ఎన్టీఆర్ గారి చట్టం), అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయట ఉంచిన మాట నిజమే. అయితే 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో ఆ భేదం లేదు; ఉమ్మడి ఆస్తిలో కూతురికి ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే మీ కుటుంబంలో రిజిస్టరయిన పంపకాలో, కోర్టు డిక్రీయో జరిగి ఉంటే మాత్రం పరిస్థితి వేరుగా ఉంటుంది.

పొలం నిజంగా తాతముత్తాతల ఉమ్మడి ఆస్తి అయితే నాన్నగారు, మీరు ముగ్గురు బిడ్డలు కలిసి నలుగురు సమాన భాగస్తులు. వీలునామా లేకపోతే ఆయన వాటా 2 ఎకరాలు మీ అమ్మగారికి, ముగ్గురు బిడ్డలకు అర ఎకరం చొప్పున చెందుతుంది కాబట్టి, బిడ్డలకు తలా రెండున్నర ఎకరాలు, అమ్మగారికి అర ఎకరం వస్తాయి. వీలునామా నిజమైనదే అయినా ఆయన తన 2 ఎకరాలను మాత్రమే రాయగలరు, మీ వాటాలను రాయలేరు.

వీలునామా రిజిస్టరు కాలేదన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదు. చట్టం రిజిస్ట్రేషను తప్పనిసరి చేయలేదు. ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి, వారిలో కనీసం ఒకరిని కోర్టులో విచారించాలి, అనుమానం కలిగించే పరిస్థితులు ఉంటే దానిని తెచ్చినవారే నివృత్తి చేయాలి. పాసు పుస్తకం మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. కానీ హక్కు విడుదల పత్రం మీద మాత్రం, ఎవరు బతిమాలినా, చదివించుకోకుండా సంతకం చేయకండి.

జవాబు: ఒంగోలు పాఠకురాలు

అక్కా, అమ్మగారి ఎకరంన్నర విషయం ఎక్కువ తొందరది అనిపిస్తోంది. పుట్టింటివారు ఇచ్చిన పొలం ఆమెకు సంపూర్ణ హక్కుతో ఉన్నదే కాబట్టి ఎవరికి రాయాలన్నది ఆమె ఇష్టం. అయితే వీలునామా రాస్తే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దాన సెటిల్‌మెంటు రిజిస్టరు చేస్తే హక్కు అప్పుడే వెళ్లిపోతుంది, తరువాత మనసు మారినా తిరిగి రాదు. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఇలా రాసిచ్చేసి, చివరి రోజుల్లో తన ఇంట్లోనే ఒక మూల గదికి పరిమితమయ్యారు. రాసి తీరతానంటే, తనను పోషించాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. అప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

ఖర్చుకు వెనుకాడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తుంది. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ పడితే, ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ప్రశ్నించినవారు: కోవూరు ఆడపడుచు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పెట్టె వెతికితే 1948 నాటి క్రయ దస్తావేజు దొరికింది. ఆ 8 ఎకరాలూ మా తాతగారు వ్యాపారం చేసి సంపాదించిన డబ్బుతో కొన్నవి. ఆయన 1972లో వీలునామా లేకుండా పోయారు, నాయనమ్మ అంతకుముందే పోయింది. నాన్నగారికి ఒక్క చెల్లెలు, ఆమె కావలిలో ఉన్నారు.

జవాబు: సివిల్ న్యాయవాది, నెల్లూరు

అమ్మా, ఈ కాగితంతో లెక్క మొత్తం మారుతుంది. తాతగారి స్వార్జితం 1956 తరువాత, అంటే హిందూ వారసత్వ చట్టం వచ్చాక, వారసత్వంగా దిగితే, ఉమ్మడి ఆస్తిలో కలిపేసినట్లు రుజువుంటే తప్ప, అందులో నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తే అవుతుంది. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 1972లోనే మీ మేనత్తగారికి సగం హక్కు ఏర్పడింది కాబట్టి, ఆమెను చేర్చని పరిష్కారం ఏదీ నిలవదు. నాన్నగారి సగం, ఇంటిస్థలం మీ నలుగురికీ సమానంగా రావాలంటే వీలునామా రుజువు కాకూడదు; రుజువైతే ఆ రెండూ తమ్ముడివే. అందుచేత ఇప్పుడు చేయవలసిన పని, ఆ వీలునామా నకలు అడిగి తీసుకోవడం, సాక్షులిద్దరూ ఎవరో, జీవించి ఉన్నారో లేదో తెలుసుకోవడం. మేనత్తగారితో కూడా ఈ వారంలోనే మాట్లాడండి; ఆవిడ ఎప్పుడైనా విడుదల పత్రం రాసిచ్చారేమో ఈసీలో తెలుస్తుంది.