స్క్రూ కప్లింగ్ బిగుసుకుపోతే ఏం చేస్తారు? పాయింట్స్‌మన్ అన్నలు చెప్పండి

యార్డు కుర్రాడు:

అన్నలకు, పెద్దలకు నమస్తే. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా (యార్డులో ఇంజిన్, పెట్టెలు విప్పి తగిలించే పని) చేరి ఐదు నెలలైంది. మా స్టేషన్‌లో కొన్ని బండ్లు దిశ మారతాయి కాబట్టి ఇంజిన్‌ని ఈ చివర విప్పి ఆ చివర తగిలించాలి. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలైతే నాకు పెద్ద భయం లేదు. పక్కనే నిలబడి హ్యాండిల్ ఎత్తితే సీబీసీ (పెట్టెల్ని కలిపే మధ్య కప్లర్) తెరుచుకుంటుంది. పాత ఐసీఎఫ్ పెట్టెలకుండే, మర తిప్పి చేత్తో బిగించి విప్పే స్క్రూ కప్లింగ్‌తోనే నా తంటా అంతా.

మొన్న రాత్రి రెండున్నరకి, జోరు వానలో, బఫర్ల (పెట్టె చివర తాకిడి ఆపే స్ప్రింగు దిమ్మెల) కింద నుంచి వంగి లోపలికి వెళ్లాను. స్క్రూ కొంచెం కూడా తిరగలేదు. రెండు చేతులతో పట్టి వేలాడినంత పని చేశాను. వాకీటాకీలో ఒకటే "అయిందా, అయిందా". నేను లోపలే ఉండి "కొంచెం నొక్కండి సార్" అన్నాను. ఇంజిన్ వెనక్కి వచ్చి బఫర్లు నొక్కుకున్నాయి, స్క్రూ వదులైంది, విప్పేశాను. బండి టైముకే వెళ్లింది. కానీ బఫర్ నా భుజానికి జానెడు దూరంలో కదిలింది. బయటికి వచ్చాక చాలాసేపు చేతులు వణికాయి. ఇంట్లో చెప్పలేదు, మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల.

స్క్రూ తేలిగ్గా తిరగాలంటే ఏం చేయాలి? హ్యాండిల్‌కి ఇనుప పైపు తొడిగి తిప్పమని ఒక సీనియర్ అన్నారు, అది సరైనదేనా?

రిటైర్డ్ షంటింగ్ మాస్టర్:

బాబూ, ముందు నీ భుజం సంగతి మాట్లాడతాను, స్క్రూ సంగతి తర్వాత. లోపల ఉన్న మనిషి ఇంజిన్‌ని కదలమనకూడదు. అంగుళమే కావచ్చు, లోకో పైలట్ ఎంత నెమ్మదస్తుడైనా కావచ్చు, అనకూడదు. తడి పట్టాల మీద అంత బరువు ఎక్కడ ఆగుతుందో ఆయన చేతిలోనూ పూర్తిగా ఉండదు. 2024 నవంబరులో బరౌనీ జంక్షన్‌లో ఇంజిన్ విప్పడానికి వెళ్లిన ఉద్యోగి ఇంజిన్‌కీ పెట్టెకీ మధ్య నలిగి చనిపోయాడు. ఆ ఫోటో నువ్వూ చూసే ఉంటావు. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను. ముప్పై ఏళ్లు నేను చేసింది కూడా ఆ పనే.

ఇక స్క్రూ. అది నీ బలం చాలక బిగుసుకోలేదు. బండి ఆగేటప్పుడు పెట్టెలు సాగి ఆగితే ఆ లాగుడంతా కప్లింగ్ మీదే ఉంటుంది. అప్పుడు ఇద్దరు పట్టినా తిరగదు. బఫర్లు నొక్కుకుంటే ఆ లాగుడు పోతుంది, ఒంటి చేత్తో తిరుగుతుంది. కాబట్టి నొక్కించడం అనేది నువ్వు లోపలికి వెళ్లకముందే జరగాల్సిన పని. ఇంజిన్ ఆగగానే పక్కన నిలబడి "బఫర్లు నొక్కి బ్రేక్ వేసి పట్టుకోండి" అని చెప్పు. నొక్కుకున్నాయని నీ కళ్లతో చూడు. ఆ తర్వాత లోకో పైలట్‌కి గానీ అసిస్టెంట్‌కి గానీ కనబడేలా నిలబడి "మధ్యలోకి వెళ్తున్నాను, నేను బయటికొచ్చి చెప్పేదాకా కదలొద్దు" అను. ఆయన అదే మాట తిరిగి చెప్పాలి. "ఓకే" అంటే చాలదు. నేను ఎంత పెద్ద పైలట్ చేతనైనా ఆ మాట తిరిగి చెప్పించేవాడిని. ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా.

లోపలికి వెళ్లాక ముందు గాలి పైపులు. రెండు వైపులా యాంగిల్ కాక్‌లు (గాలి ఆపే కుళాయిలు) మూసి, గొట్టంలో గాలి పోయిందని చూసుకున్నాకే విడదియ్యి. బ్రేక్ పైపులో 5 కిలోలు, ఫీడ్ పైపులో 6 కిలోల ప్రెషర్ ఉంటుంది. గాలి ఉండగా విడదీస్తే గొట్టం కొరడాలా ఎగిరి కొడుతుంది, మా బ్యాచ్‌లో ఒకతని పళ్లు అలాగే పోయాయి. ఆ తర్వాతే స్క్రూ. అప్పటికీ తిరగకపోతే బయటికి రా. మళ్లీ నొక్కించు, మళ్లీ చెప్పు, మళ్లీ వెళ్లు. మూడుసార్లయినా సరే. లేటైతే కారణం కప్లింగ్ అని రాయించు.

ఇంకొకటి, సిగ్నల్ ఇచ్చేది ఒక్కడే ఉండాలి. ఇద్దరు పాయింట్స్‌మన్‌లు ఉన్నప్పుడు ఒకరు లోపల ఉండగా రెండోవాడు జెండా ఊపితే పైలట్ ఎవరి మాట వినాలి?

సి అండ్ డబ్ల్యూ ఫిట్టర్:

మాస్టారు చెప్పింది అక్షరాలా పాటించు తమ్ముడూ. పైపు మాత్రం తొడగొద్దు. జారితే నేరుగా మొహానికి తగులుతుంది, మరలు కూడా పాడవుతాయి.

లాగుడు లేకపోయినా తిరగని కప్లింగ్ ఉంటే అది పెట్టెల మరమ్మతు చూసే మా తరఫు లోపం. ఆ స్క్రూకి సగం కుడి మర, సగం ఎడమ మర ఉంటుంది. దుమ్ము, తుప్పు పట్టి గ్రీజు ఆరిపోతే మొరాయిస్తుంది. పెట్టె నంబరు రాసి మాకు ఇవ్వు. నంబరు లేకుండా "ఏదో పెట్టె బిగుసుకుంది" అంటే మేం వెతకలేం.

ఎల్‌హెచ్‌బీకి భయం లేదన్నావు కదా, అక్కడా జాగ్రత్త. ఇంజిన్ నుంచే పెట్టెలకు కరెంటిచ్చే హోగ్ బండ్లలో ఆ కేబుళ్లలో 750 వోల్టులు ఉంటాయి. సప్లై ఆపి, ఎలక్ట్రికల్ సిబ్బంది ప్లగ్‌లు తీసేదాకా ఆ వైపు చెయ్యి పెట్టకు. సీబీసీ హ్యాండిల్ పక్కనుంచే ఎత్తుతావు సరే, గాలి గొట్టాలకి మాత్రం మధ్యలోకి వెళ్లాల్సిందే. అప్పుడూ మాస్టారు చెప్పిన మాటే.

బెర్లిన్ తెలుగోడు:

నేను రైల్వే ఉద్యోగిని కాదు, ఇక్కడ వ్యాగన్ల డిజైన్‌లో పనిచేస్తాను. మీ పోస్టు చదివి ఉండలేక రాస్తున్నాను. మీరు మొన్న పడ్డ అవస్థ యూరప్ గూడ్సు యార్డుల్లో ఇప్పటికీ ఉంది. ఇక్కడి గూడ్సు వ్యాగన్లకు ఎక్కువగా స్క్రూ కప్లింగే. గాలి పైపులు కూడా వాటంతటవే కలిసి విడిపోయే డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్ మీద ఇప్పుడు పని నడుస్తోంది.

అమెరికాలో 1893లోనే చట్టం చేశారు. మనిషి రెండు పెట్టెల మధ్యకు వెళ్లకుండానే వాటిని విడదీయగలగాలని అందులో రాశారు. జపాన్ కొత్త కప్లర్లను ముందే పెట్టెల కింద వేలాడదీసి పెట్టుకుని, 1925 జూలైలో హోన్షూ దీవిలోని గూడ్సు వ్యాగన్లకు ఒక్క రోజులో మార్చేసింది. మన దగ్గర చెన్నైలోని ఐసీఎఫ్ పెట్టెల ఫ్యాక్టరీ 2018లో పాత తరహా పెట్టెల తయారీ ఆపేసింది. అమృత్ భారత్ రైళ్లకు రెండు చివరలా ఇంజిన్లు ఉంటాయి కాబట్టి దిశ మార్చడానికి విప్పే పనే లేదు. పాత పెట్టెలు పోయే రోజు త్వరగా రావాలని కోరుకుంటున్నాను. అప్పటిదాకా మీరు జాగ్రత్తగా ఉండండి.

యార్డు కుర్రాడు:

మాస్టారూ, నిన్న రాత్రి డ్యూటీలో మీరు చెప్పినట్టే చేశాను. పైలట్ గారు మొదట "ఓకే" అన్నారు. "సార్, ఆ మాట తిరిగి చెప్పండి" అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి, "నువ్వు బయటికొచ్చి చెప్పేదాకా కదలను" అన్నారు. మొదటిసారి స్క్రూ తిరగలేదు. బయటికి వచ్చి మళ్లీ నొక్కించాను. రెండోసారి తేలిగ్గా వచ్చేసింది. బండి ఆరు నిమిషాలు లేటు, కారణం రాయించాను.

ఫిట్టర్ అన్నా, మొన్న బిగుసుకున్న పెట్టె నంబరు కూడా మీవాళ్ల రిజిస్టర్‌లో ఎక్కించాను. ఇంట్లో కూడా ఇవాళ పొద్దున చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది.