ట్రాన్స్ మెన్ ఉన్నారని కాలేజీలో ఎలా చెప్పాలి? మీ అనుభవాలు కావాలి

కృష్ణాతీరం (మార్చి 2023)
అన్నలూ, మార్చి 31 శుక్రవారం ట్రాన్స్‌జెండర్ విజిబిలిటీ డే. గుంటూరులో మా కాలేజీలో నన్ను మాట్లాడమన్నారు. ట్రాన్స్‌జెండర్ అనగానే ఇక్కడ అందరికీ చీర కట్టుకున్న అక్కలే గుర్తొస్తారు. పుట్టినప్పుడు అమ్మాయి అని రాసినా నిజానికి అబ్బాయిలమైన నాలాంటి ట్రాన్స్ మెన్ ఉంటారంటే నమ్మరు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది.

రాత్రిబస్సు
తమ్ముడూ, మనం ఎందుకు కనబడమో ముందు చెప్పు. అక్కలకు జమాత్ (హిజ్రాలంతా కలిసుండే కుటుంబం లాంటిది) ఉంది, దానికి పెద్దగా గురువు ఉంటారు. వాళ్ళ కష్టాలు తక్కువేం కాదు, కానీ ఇల్లు వదిలొస్తే ఎక్కడానికి ఓ గడప ఉంది. మనకు అదీ లేదు. పైగా ఆడపిల్లలకు పెట్టే కాపలా అంతా మనకే. 2016లో నేను ఇల్లు వదిలిన మూడో రోజే మిస్సింగ్ కేసు పెట్టారు. మేజర్‌నని ఆధార్ చూపించినా స్టేషన్‌లో వినలేదు, నాన్న వెంట పంపేశారు. మన జెండర్ మనమే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ తర్వాత ఆరు నెలలు ఫోన్ లేదు, పెళ్ళిచూపులు మాత్రం మూడుసార్లు జరిగాయి.

ఉప్పుగాలి
నా కలెక్టరేట్ సంగతి చెప్పు. 2022లో ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డు కోసం ప్రభుత్వ పోర్టల్‌లో అప్లై చేసి, ఎంతకీ రాకపోతే వెళ్ళాను. అక్కడి క్లర్కు నా గడ్డం చూసి, "కార్డు ఎవరికి బాబూ? ఆవిడని తీసుకురా" అన్నాడు. నాకే అంటే ఫైలు మూసేశాడు. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ప్రింటు తీసి ముందు పెట్టాను. సెక్షన్ 2(కె)లో, ట్రాన్స్‌జెండర్ అంటే ఎవరో చెప్పే నిర్వచనంలోనే "ట్రాన్స్-మ్యాన్" అని ఉంది. ఆ లైను కింద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఆ తర్వాతే కూర్చోమన్నాడు.

చిన్నోడి_అమ్మ
బాబూ, తల్లిదండ్రుల్నీ పిలిపించు. నాకెవరూ చెప్పక రెండేళ్ళు మా వాణ్ణి గుళ్ళకీ డాక్టర్లకీ తిప్పాను. నిరుడు నేనే సెలూన్‌కి తీసుకెళ్ళాను. షాపాయన "తమ్ముడికి మీడియమా, షార్టా?" అనడిగితే వాడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. అలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో.

రాత్రిబస్సు
ఇంకోమాట. ఇంట్లో తెలియకపోతే వీడియో తీయనివ్వకు. ముందే లెక్చరర్‌కి గట్టిగా చెప్పు.

కృష్ణాతీరం
అక్కకి మాత్రమే తెలుసన్నా. వీడియో వద్దని రేపే చెప్తాను. ఉప్పుగాలి అన్నా, ఆ పేజీ ఫోటో పెట్టవా, ప్రింటు తీసుకెళ్తాను. అమ్మా, మీరు రాగలరా?

చిన్నోడి_అమ్మ
ఎన్నింటికి నాయనా? వాణ్ణీ తీసుకొస్తాను.