రెండు రంగుల క్వార్కులతో సాంద్ర పదార్థం: సొంత మెషీన్ మీద రన్ చేసినవాళ్లు చెప్పండి

పాలమూరు_లాటిస్:
అందరికీ నమస్తే. మాది జడ్చర్ల దగ్గర, ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయింది. న్యూట్రాన్ నక్షత్రం లోపలి పదార్థాన్ని లాటిస్ (స్థలకాలాన్ని బిందువులుగా విడగొట్టిన వల) మీద లెక్క కట్టాలని చాలా రోజులుగా ఆశ. కానీ అసలైన మూడు రంగుల క్యూసీడీలో (క్వార్కులను కలిపి ఉంచే బలం సిద్ధాంతం, రంగు అంటే దానిలో క్వార్కు చార్జి లాంటిది) మ్యూ (కెమికల్ పొటెన్షియల్, సాంద్రత పెంచే మీట) పెట్టగానే క్వార్కుల డిటర్మినెంట్ కాంప్లెక్స్ సంఖ్య అయిపోతుంది, ఇక మాంటే కార్లోకి (యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్క కట్టే పద్ధతి) దాన్ని సంభావ్యతగా వాడుకునే వీలుండదు, దీన్నే సైన్ ప్రాబ్లం అంటారు. అందుకే ఎస్‌యూ(2), అంటే రెండు రంగుల సిద్ధాంతం పట్టుకున్నాను. గేజ్ భాగం (గ్లూవాన్లది) నడుస్తోంది, ఇప్పుడు విల్సన్ ఫెర్మియాన్లు (లాటిస్ మీద క్వార్కులను రాసే ఒక పద్ధతి) కలపాలి. టైం ఎక్కడ పోతుంది, ముందు ఏం చెక్ చేసుకోవాలి? ప్రకృతిలో లేని సిద్ధాంతం మీద ఇంత కష్టం ఎందుకని మా సీనియర్లు అడుగుతున్నారు, దానికి కూడా ఎవరైనా జవాబు చెప్పండి.

మూసీ_ఒడ్డు:
తమ్మీ, ఫెర్మియాన్ల జోలికి పోకముందే గేజ్ భాగాన్ని గట్టిగా పరీక్షించు. బీటా (గేజ్ కప్లింగ్‌ను నిర్ణయించే సంఖ్య) బాగా చిన్నదైతే సగటు ప్లాకెట్ (నాలుగు లింకుల చిన్న చదరం) బీటా/4 దగ్గరికి, బాగా పెద్దదైతే 1 − 3/(4 బీటా) దగ్గరికి రావాలి. రెండు కొసలూ కుదిరితేనే ముందుకు పో. ఎస్‌యూ(2)లో ఒక సుఖం ఏందంటే, ఒక్కో లింకుకు (పక్కపక్క బిందువులను కలిపే గీత) నాలుగు రియల్ సంఖ్యలు చాలు, వాటి వర్గాల మొత్తం 1 ఉండాలి, అంతే. 8 ఘనం × 16 లాటిస్ (స్థలం మూడు దిశల్లో 8, టైం దిశలో 16 బిందువులు) మొత్తం లింకులు డబుల్ ప్రెసిషన్‌లో 1 ఎంబీలో పడతాయి. 1980లో మైకేల్ క్రూట్జ్ మాంటే కార్లోతో కన్ఫైన్‌మెంట్ (క్వార్కులు విడిగా బయటికి రాకపోవడం) చూపించింది కూడా ఈ ఎస్‌యూ(2) మీదే, కాబట్టి పోల్చుకోవడానికి పాత సంఖ్యలు కావలసినన్ని దొరుకుతాయి.

నల్లగొండ_సార్:
సీనియర్లకు ఇలా చెప్పు బాబూ. ఎస్‌యూ(2)లో క్వార్కూ ప్రతిక్వార్కూ గేజ్ సమూహం కింద ఒకేలా మారతాయి, అందుకే మ్యూ పెట్టినా డిటర్మినెంట్ రియల్‌గానే ఉంటుంది. ఒకే ద్రవ్యరాశి ఉన్న రెండు ఫ్లేవర్లు (క్వార్కు రకాలు) తీసుకుంటే అది వర్గమవుతుంది, నెగటివ్ కాదు. ఒక్క ఫ్లేవర్ పెడితే మాత్రం ఈ హామీ లేదు, గుర్తుంచుకో.

ఇక్కడ బేరియాన్ అంటే రెండు క్వార్కుల జంట, అంటే బోసాన్. పయాన్‌తో (క్వార్కు, ప్రతిక్వార్కు కలిసిన కణం) సమానమైన ద్రవ్యరాశి. అందుకే సున్నా ఉష్ణోగ్రత దగ్గర మ్యూ పయాన్ ద్రవ్యరాశిలో సగం దాటగానే డైక్వార్కులు (ఈ జంటలు) కండెన్స్ అవుతాయి, అంటే ఒకే స్థితిలోకి గుమిగూడతాయి. అసలు ప్రపంచంలో బేరియాన్ ఫెర్మియాన్, అణు పదార్థం మొదలయ్యేది క్వార్కుకు సుమారు 308 ఎంఈవీ దగ్గర. కాబట్టి ఈ సంఖ్యలను నక్షత్రానికి అంటగట్టకూడదు. పద్ధతులనూ, సాంద్రత పెరిగితే ఏమవుతుందన్న సిద్ధాంతాలనూ సరిచూసుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు తక్కువ.

దేవరకొండ_రన్స్:
టైం సంగతి నేను చెప్తా. మ్యూ సగం పయాన్ దాటేదాకా అంతా హాయిగా పోతుంది, దాటాక కాంజుగేట్ గ్రేడియెంట్ (క్వార్కు మాత్రిక ఎంను ఇన్వర్ట్ చేసే పద్ధతి) ఇటరేషన్లు ఒక్కసారిగా ఎగబాకుతాయి. అందుకే డైక్వార్క్ సోర్స్ జె (డైక్వార్కులను పుట్టించేలా మనం చేర్చే చిన్న పదం) కలుపుతారు. అప్పుడు ఇన్వర్ట్ చేయాల్సింది ఎం డాగర్ ఎం ప్లస్ జె స్క్వేర్, చిన్న ఐగెన్ విలువలు జె స్క్వేర్ కంటే కిందికి పోవు. కానీ ఆ జె మనం పెట్టింది కదా, చివరికి సున్నాకి తీసుకుపోవాలి. నా ఫైళ్లలో పెద్ద జె దగ్గర సగం పయాన్ కింద కూడా కండెన్సేట్ కనిపిస్తుంది, జె తగ్గించేకొద్దీ అది కరిగిపోతుంది. దాటాక మాత్రం జె తగ్గినా నిలబడుతుంది. ఒక్క జె విలువతో గ్రాఫ్ గీసి ఫేజ్ ట్రాన్సిషన్ అనొద్దు, కనీసం మూడు తీసుకో, ఎక్కువ టైం చిన్న జెకే కేటాయించు. మా దగ్గర ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, కాన్ఫిగరేషన్‌తో పాటు రాండమ్ నంబర్ స్టేట్ కూడా సేవ్ చేస్తూ ఉండు.

పాలమూరు_లాటిస్:
అన్నా, మస్తు థాంక్స్. మ్యూని ఎంతదాకా పెంచొచ్చు?

దేవరకొండ_రన్స్:
లాటిస్ యూనిట్లలో 1కి దగ్గరవుతుంటే నమ్మకు. రెండు రంగులు, రెండు స్పిన్లు, రెండు ఫ్లేవర్లు, అంటే సైటుకు 8 క్వార్కులు మించి పట్టవు. సాంద్రత ఆ 8 వైపు వంగి చదునవుతుంటే అది ఫిజిక్స్ కాదు, లాటిస్ నిండిపోతోంది. పెద్ద మ్యూ కావాలంటే స్పేసింగ్ తగ్గించాల్సిందే.

సాగర్_కట్ట:
సార్ మాటకు కొంచెం అడ్డం వస్తున్నా. పద్ధతులకు మాత్రమే అంటే తక్కువ చేసినట్టే. 2022లో ఎత్సుకో ఇతో, కెయ్ ఈదా ఈ రెండు రంగుల సిద్ధాంతంలోనే ధ్వని వేగం వర్గం కాంతి వేగం వర్గంలో 1/3 దాటుతుందని చూపించారు. మూడు రంగుల్లోనే ఐసోస్పిన్ మ్యూ (అప్, డౌన్ క్వార్కులకు వ్యతిరేక గుర్తులతో మ్యూ) పెడితే సైన్ ప్రాబ్లం రాదు, అక్కడ కూడా ఇలాగే 1/3 దాటింది. రెండు సూర్యుల బరువున్న నక్షత్రం కూలకుండా నిలబడాలంటే పదార్థం గట్టిగా ఉండాలి కదా, అందుకే అందరూ ఈ ఫలితాన్ని అంత శ్రద్ధగా చూశారు.

నల్లగొండ_సార్:
ఒప్పుకుంటా, ఆ ఫలితం నాకూ ఇష్టం. అయితే రెండు చోట్లా కండెన్స్ అయ్యేది బోసాన్లే, ఒకచోట డైక్వార్కు, ఇంకోచోట పయాన్. 1/3 దాటడం ఆ కండెన్సేట్ వల్లనా, లేక సాంద్ర క్వార్కు పదార్థం స్వభావమే అంతనా అన్నది వీటితోనే తేలదు. జీ2 గేజ్ సిద్ధాంతంలో (ఎస్‌యూ(2)కి బదులు జీ2 అనే సమూహం) ఫెర్మియాన్ బేరియాన్లు ఉన్నాయి, సైన్ ప్రాబ్లం లేదు, లెక్క మాత్రం బరువు.

పాలమూరు_లాటిస్:
సరే సార్, జీ2 తర్వాత. ముందు 8 ఘనం × 16 మీద మ్యూ సున్నా దగ్గర పయాన్ ద్రవ్యరాశి కొలుస్తాను, అది లేకుండా సగం ఎక్కడో తెలియదు కదా. తర్వాత దానికి ఇటూ అటూ మ్యూ పెట్టి, ఒక్కోదానికి మూడు జెలు.

మూసీ_ఒడ్డు:
పయాన్ కొలిచేటప్పుడు టైం దిశలో 16 సరిపోతుందేమో ఎఫెక్టివ్ మాస్ గ్రాఫ్ చూసి చెప్పు, ప్లాటో (చదునైన భాగం) రాకపోతే 24కి పెంచు. ఆ గ్రాఫ్ ఇక్కడే పెట్టు, అందరం చూస్తాం.