రీఫ్ తొట్టి ఓవర్‌ఫ్లో పెట్టెలో మూడు రంధ్రాలు: డ్రెయిన్లకు ఏవి, రిటర్న్‌కు ఏది?

ప్రశ్న

నమస్కారం. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టిలో పగడాలను పెంచడానికి సన్నాహాలు చేసుకుంటున్నాను. ఓవర్‌ఫ్లో పెట్టె (తొట్టి పైమట్టపు నీరు పొంగి పడే గది) అడుగున మూడు రంధ్రాలున్నాయి. వాటిలో రెండు ఒకటిన్నర అంగుళాలవి, ఒకటి అంగుళంది. తొట్టితో వచ్చిన పటం ప్రకారం పెద్ద రంధ్రాలు రెండింటిలోనూ డర్సో గొట్టాలు (నీటిని కిందికి దించే, పైన గాలి రంధ్రం ఉన్న డ్రెయిన్ గొట్టాలు) నిలబెట్టి, చిన్నదాన్ని రిటర్న్‌కు (పంపు నీటిని తిరిగి పైకి పంపే గొట్టానికి) వాడాలి. డర్సో గొట్టం నీటితో పాటు గాలిని కూడా లాగుతుంది కాబట్టి గుడగుడ శబ్దం, సంప్‌లో (తొట్టి కింద ఉండే రెండవ తొట్టిలో) బుడగలు తప్పవని విన్నాను. గంటకు సుమారు 2000 లీటర్లు తిరిగితే నాకు చాలు. సంప్ కొలతలు 90, 45, 40 సెంటీమీటర్లు. పంపు నడుస్తున్నప్పుడు అందులో నీరు దాదాపు 22 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా అనుకున్నాను. రిటర్న్ నాజిల్‌ను నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద పెట్టి, కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి రాకుండా చెక్ వాల్వు బిగించాలని ఆలోచన. పీవీసీ గొట్టాలను అతికించిన తర్వాత మార్చుకోవడం కష్టం కనుక, ఈ ఏర్పాటులో లోపాలుంటే ముందే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

శబ్దం సంగతి తర్వాత చూద్దాం. మీ ఏర్పాటులో అసలు ప్రమాదం ఆ 10 సెంటీమీటర్లలో ఉంది. పంపు ఆగిన క్షణం నుంచి రిటర్న్ గొట్టం సైఫన్‌గా (నీటితో నిండి, పంపు లేకుండానే నీటిని కిందికి లాగే గొట్టంగా) మారి, నాజిల్ నోరు గాలికి తగిలేవరకు తొట్టి నీటిని సంప్‌లోకి దించుతూనే ఉంటుంది. మీ తొట్టిలో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 7.2 లీటర్లు, పది దిగితే 72 లీటర్లు. సంప్‌లో మిగిలిన 18 సెంటీమీటర్ల ఖాళీలో, మధ్య అద్దాల మందాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, పట్టేది సుమారు 73 లీటర్లే. దీనికి ఓవర్‌ఫ్లో పెట్టెలోంచి దిగే నీటిని, గొట్టాలలో నిలిచిన నీటిని కూడా కలపండి. సంప్ పొంగి గది తడవక తప్పదు.

చెక్ వాల్వు ఉందిగా అంటారేమో. సముద్రపు నీటిలో దాని తలుపు మీద సున్నపు పొర, గొట్టపు పురుగులు, నాచు పేరుకుంటాయి. ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. బిగించుకోవాలనుకుంటే అదనపు రక్షణగా బిగించుకోండి గాని, అది లేనట్టే భావించి సంప్ ఖాళీని లెక్కగట్టండి. నాజిల్‌ను 2 సెంటీమీటర్ల లోతున ఉంచితే తొట్టి నుంచి దిగేది సుమారు 14 లీటర్లే. సైఫన్ తెగడానికి గొట్టానికి చిన్న రంధ్రం పెట్టడం మంచి అలవాటే గాని, ఆ రంధ్రం కూడా పూడుకుపోతుంది; కాబట్టి నాజిల్ ఎత్తునే నమ్ముకోండి. ఇక పగడాలకు కావలసిన కదలికను తొట్టిలో పెట్టే వేవ్ పంపులు ఇస్తాయి, ఆ భారాన్ని రిటర్న్ మీద వేయనక్కరలేదు.

రెండవ సమాధానం

పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తాను. డ్రెయిన్ల విషయంలో మాత్రం నా సూచన మరొకటి: మూడు రంధ్రాలనూ డ్రెయిన్లకే కేటాయించి, రిటర్న్‌ను తొట్టి అంచు మీదుగా తీసుకురండి. దీనిని బీన్ యానిమల్ పద్ధతి అంటారు.

అంగుళం గొట్టాన్ని పూర్తి సైఫన్‌గా వాడండి. లోపల గాలి లేకుండా నిండుగా పారే గొట్టం అదే కొలత డర్సో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని, దాదాపు నిశ్శబ్దంగా దించుతుంది. మీ 2000 లీటర్లకు అంగుళం సరిపోతుంది. దానికి గేట్ వాల్వు పెట్టాలి, బాల్ వాల్వు వద్దు. బాల్ వాల్వు పావు తిప్పుతోనే పూర్తిగా తెరుచుకుంటుంది కాబట్టి వెంట్రుకవాసి సవరణ దానితో సాధ్యం కాదు. పెద్ద గొట్టాలలో ఒకదానిని కొంచెం నీరు మాత్రమే పారే తెరిచిన కాలువగా ఉంచి, దాని తలకు సన్నని గాలి గొట్టం అమర్చి, ఆ గొట్టపు నోటిని పెట్టెలో సాధారణ మట్టానికి కొద్దిగా పైన నిలపండి. సైఫన్‌లో నత్త చిక్కుకుని మట్టం పెరిగితే ఆ నోరు మునుగుతుంది, గాలి ఆగుతుంది, ఈ గొట్టమే సైఫన్‌గా మారి భారాన్ని తీసుకుంటుంది. రోజువారీ చిన్న చిన్న తేడాలను కూడా అదే సర్దుకుంటుంది. మూడవది అత్యవసర గొట్టం: అన్నిటికంటే ఎత్తున నోరు, ఎప్పుడూ పొడిగా, వాల్వు లేకుండా. దాని చివర సంప్ నీటికి పైనే ఉండాలి. నీరు పడే చప్పుడు వినిపించడమే అది మీకు చేసే హెచ్చరిక.

సైఫన్ గొట్టపు చివర సంప్ నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా ముంచితే పంపు మొదలైన ప్రతిసారీ లోపలి గాలి బయటికి పోవడానికి దారి ఉండదు, సైఫన్ పట్టుకోదు, మట్టం అత్యవసర గొట్టం దాకా పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాజిల్ సంగతి అర్థమైంది, 2 సెంటీమీటర్లకే పరిమితం చేస్తాను. అయితే తొట్టి అంచు మీద గొట్టం కనిపించడం నాకు అంత ఇష్టం లేదు. రెండు డ్రెయిన్లతోనే భద్రంగా నడపడం సాధ్యమా? బల్క్‌హెడ్ (రంధ్రంలో గొట్టాన్ని బిగించే అమరిక) వాషరుకు సిలికాన్ కూడా పూయాలా?

మూడవ సమాధానం

సాధ్యమే. దానిని హెర్బీ పద్ధతి అంటారు: ఒక పెద్ద గొట్టం గేట్ వాల్వుతో పూర్తి సైఫన్, రెండవది పొడి అత్యవసర గొట్టం, అంగుళం రంధ్రం రిటర్న్‌కు. తనంతట తాను సర్దుకునే గొట్టం ఇందులో లేదు కాబట్టి మట్టం అప్పుడప్పుడు కదులుతుంది, వాల్వును కొద్దికొద్దిగా సవరించుకోవలసి వస్తుంది. ఆ పని చేసుకోగలిగితే ఇది మంచి పద్ధతే. సైఫన్ నోటిని పెట్టెలో మరీ కిందికి దించకండి. పంపు ఆగినప్పుడు పెట్టెలోని నీరు ఆ నోటి వరకు సంప్‌లోకి దిగుతుంది.

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని లెక్క ఇంకొకటుంది. డ్రెయిన్లు రెండూ మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తూ ఉంటే, సంప్‌లో పంపు ఉన్న అరలోని నీరంతా పైకి వెళుతుంది. ఆ అర 30, 45 సెంటీమీటర్లదై, పంపు నోటికి పైన 12 సెంటీమీటర్ల నీరుంటే అది 16 లీటర్ల పైచిలుకు. మీ తొట్టిలో మట్టం రెండుంబావు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంచు వరకు కనీసం అంత ఖాళీ వదలండి. ఆవిరైన నీటిని నింపే స్వయంచాలక పరికరం ఉంటే మరింత జాగ్రత్త అవసరం: పంపు అరలో మట్టం తగ్గిందని అది మంచినీటిని పోస్తూనే ఉంటుంది. దాని డబ్బాను చిన్నదిగా ఉంచండి, లేదా ఒక్కసారికి పనిచేసే సమయానికి పరిమితి పెట్టండి.

బల్క్‌హెడ్ వాషరుకు సిలికాన్ అక్కరలేదు. వాషరు బల్క్‌హెడ్ వెడల్పాటి అంచు ఉన్న వైపు, నీటి పక్కన రావాలి. నట్టును చేత్తో బిగించి, ఆపై పావు చుట్టు తిప్పితే చాలు, అతిగా బిగిస్తే అద్దం పగలవచ్చు. ప్రతి వాల్వు దగ్గర యూనియన్ (విప్పి తీయగలిగే జోడింపు) పెట్టండి, పంపు దగ్గర ఒక మూర మెత్తని గొట్టం వాడితే అదురు తొట్టికి చేరదు. ఇత్తడి, రాగి అమరికలు ఎక్కడా వద్దు. రాగి పగడాలకూ రొయ్యలకూ విషం. అతికించిన కీళ్లు పూర్తిగా ఆరిన తర్వాత, మొదట మంచినీటితో నింపి, పంపు ప్లగ్గును పదేపదే తీసి పెడుతూ సంప్ మట్టం ఎక్కడ ఆగుతుందో గుర్తు పెట్టుకోండి. సైఫన్ గొట్టాన్ని కావాలనే మూసి అత్యవసర గొట్టం ఒక్కటే మొత్తం నీటిని దించగలుగుతోందో లేదో చూసిన తర్వాతే ఉప్పు కలపండి.