భర్త తప్పు చేస్తే భార్యను నిలదీయడం: బెంగళూరు తెలుగువారి అనుభవాలు (చర్చ)

యలహంక వాసి:
మిత్రులకు నమస్కారం. మా లేఅవుట్‌లో ఉండే ఒక స్థానిక నాయకుడికి వేరే సంబంధం ఉన్న సంగతి ఆమధ్య బయటపడింది. పార్టీ, వార్డు వివరాలు దయచేసి అడగవద్దు. మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఆయన్ని "రాజకీయాల్లో ఇవన్నీ మామూలే" అన్న ఒక్క ముక్కతో వదిలేసి, ఆయన భార్యను మాత్రం రోజుల తరబడి విచారించారు. ఇంకా ఆ ఇంట్లో ఎందుకుంది, ముందే తెలిసి ఊరుకుందా, ఆస్తులన్నీ ఆవిడ పేరునే ఉన్నాయి కాబట్టి కదలదులే, ఇలా సాగింది. మీరు చూసినవి కూడా రాయగలరు.

మారతహళ్ళి గృహిణి:
మా వైపు ఇలాంటిదే మరో కుటుంబం విషయంలో జరిగింది. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఆవిడ ఎప్పటిలాగే పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది. పసుపు రాయించుకోవడానికి ఆవిడ కాళ్ళు ముందుకు పెట్టగానే, అంతవరకూ అందరికీ రాస్తున్న పెద్దావిడ గిన్నె నా చేతికిచ్చి, పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ శనగలు, తాంబూలం తీసుకుని గడప దాటిందో లేదో, "ఇంత జరిగాక ఆ ముస్తాబేమిటమ్మా" అన్నారు. మరుసటి ఏడు ఆవిడ రాకపోతే "మొహం చెల్లక రాలేదు" అన్నదీ వాళ్ళే.

ఫ్లెక్సు డిజైనరు:
ఫ్లెక్సుల మీద హైకోర్టు ఎన్నిసార్లు మందలించినా ఈ ఊళ్ళో మా పనికి లోటు లేదు కనుక, నేను చూసినది చెబుతాను. ఒక నాయకుడి వ్యవహారం రచ్చకెక్కిన తరువాత ఉగాది శుభాకాంక్షల బ్యానరు కోసం ఆయన అనుచరులు వచ్చారు. అంతకుముందు ఏళ్ళలో ఆయన భార్య ఫోటో ఒక మూలన ఉండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. ఈసారి దాన్ని పెద్దది చేసి ఆయన పక్కన పెట్టమన్నారు, ఆవిడ నవ్వుతూ ఉండాలన్నారు. అలాంటిది దొరకక ఏదో పాత ఫంక్షన్ ఫోటోలోంచి కత్తిరించి తీస్తే, ఆవిడ భుజం మీద ఆయన చెయ్యి మిగిలిపోయింది. వేలు వేలునా చెరిపేటప్పటికి చాలాసేపు పట్టింది. బ్యానరు కట్టిన రోజు మా టీ కొట్టు దగ్గర "సిగ్గు లేకుండా ఎలా నవ్వుతోందో చూడు" అన్నారు. ఆ ఫోటో వాడుతున్నట్టు ఆవిడకు ఎవరూ చెప్పలేదని అనుచరుల మాటలను బట్టే నాకు తెలుసు.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు:
ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2008 మార్చిలో న్యూయార్క్ గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ వేశ్యా వ్యవహారంలో దొరికిపోయి రాజీనామా ప్రకటించినప్పుడు, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన ఆయన భార్య సిల్డా పక్కనే నిలబడింది. "చదువుకుని కూడా ఎందుకు నిలబడాలి" అని ఆవిడనే తప్పుపట్టారు. 2009లో దక్షిణ కెరొలైనా గవర్నర్ మార్క్ శాన్‌ఫోర్డ్ అర్జెంటీనా మహిళతో సంబంధాన్ని ఒప్పుకున్న సమావేశానికి ఆయన భార్య జెన్నీ రానేలేదు, మరుసటి ఏడు విడాకులు తీసుకుంది. ఆవిడను మెచ్చుకున్నారు గానీ, ఆ మెప్పు వెనుక నిలబడినవారి మీద చిన్నచూపు కూడా ఉంది. హిల్లరీ క్లింటన్ సంగతి మరీ విచిత్రం. అప్పటి అమెరికా అధ్యక్షుడైన భర్త బిల్ క్లింటన్ వ్యవహారం నడుస్తున్న 1998 చివరలో గ్యాలప్ సంస్థ చేసిన అభిప్రాయ సర్వేలో ఆవిడ పట్ల 67 శాతం మంది సుముఖంగా ఉన్నారు. 2016లో ఆవిడే అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు, భర్త మీద ఆరోపణలు చేసిన మహిళలను ప్రత్యర్థి చర్చా వేదిక దగ్గరికే రప్పించాడు. గాయపడి ఇంట్లో ఉన్నంతకాలం జాలిపడిన లోకం, ఆవిడ పదవి అడగగానే పాత లెక్కలు తీసింది.

జయనగర సభ్యుడు:
మీరంతా ఆవిడల పక్షాన ఉన్నారు, సంతోషం. కానీ భర్త కోసం ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగి, ఆ రెండో స్త్రీని బజారుకీడ్చిన భార్యను కూడా ప్రశ్నించకూడదా? రాజకీయాల్లోకి దిగినవారిని రాజకీయంగానే చూడాలని నా అభిప్రాయం.

మారతహళ్ళి గృహిణి:
ఆవిడ వేదిక మీద అన్న మాటలను తప్పకుండా ప్రశ్నించండి. కాపురంలో ఎందుకుందన్నది మాత్రం ఓటరుకు సంబంధించిన ప్రశ్న కాదండీ.

కోరమంగల అడ్వకేటు:
చట్టంలోనే ఈ వంకర ఎంతకాలం ఉందో చూడండి. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసే వరకు, పరాయివాడి భార్యతో సంబంధాన్ని నేరంగా చూసిన పీనల్ కోడ్ 497వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆ పరస్త్రీ భర్తకు ఉండేది గానీ, తప్పు చేసినవాడి భార్యకు ఉండేది కాదు. భార్యకు మిగిలింది విడాకుల దారి. హిందూ వివాహ చట్టం కింద అది ఇప్పటికీ ఉంది.

ఇక యలహంక వాసి గారు ప్రస్తావించిన ఆస్తుల మాట. ఎన్నికల అఫిడవిట్‌లో అభ్యర్థి తన భార్య ఆస్తులు కూడా చూపించాలి కనుక, ఆవిడ పేరున ఉన్న స్థలాలు, నగలు అందరికీ తెలుస్తాయి. ఆ పత్రాలు ఎవరి బీరువాలో ఉన్నాయో, వాటిమీద ఎంత అప్పు ఉందో, ఎన్ని హామీ సంతకాలు ఆవిడ చేత పెట్టించారో బయటివారికి తెలియదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ భరణం గురించి అడగలేదు. "ఇల్లు వదిలి వస్తే నేను సంతకం పెట్టిన అప్పులకు బ్యాంకు వాళ్ళు నా మీద పడతారా అండీ" అని అడిగింది. హామీ సంతకం ఉంటే పడతారనే చెప్పాల్సి వచ్చింది.